నాలుగు చోట్ల నూనె

బీఎండబ్ల్యూ పాత బాక్సర్ బళ్ళు లక్ష కిలోమీటర్లు దాటినా హాయిగా తిరుగుతుంటే, "జర్మన్ బండి కదా" అని తేల్చేస్తారు జనం. అది సగం నిజమే. 1969 నుంచి 1996 దాకా బెర్లిన్‌లోని స్పాండావ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఈ ఎయిర్ కూల్డ్ ఇంజన్లను మొండిగా కట్టారు, కానీ ఆయిల్ విషయంలో నిర్లక్ష్యాన్ని అవి క్షమించవు. 1977లో వచ్చిన ఆర్ 80/7ను ఎదురుగా పెట్టుకుని పని మొదలుపెడదాం.

ముందు ఒక సంగతి. మన బళ్ళలో చాలావాటికి ఇంజన్, గేర్లు, క్లచ్ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఈ బండి తీరు వేరు. క్లచ్ కార్లలో లాగా పొడి క్లచ్. గేర్‌బాక్స్ విడిగా ఉంటుంది. చైన్ బదులు షాఫ్ట్ ఉంటుంది, దాని చివర వెనక చక్రం దగ్గర పళ్ళచక్రాల పెట్టె. అంటే ఆయిల్ పోయాల్సినవి నాలుగు చోట్లు: ఇంజన్, గేర్‌బాక్స్, షాఫ్ట్ గొట్టం, వెనక పెట్టె. గేర్ల పళ్ళు నూరిన ఇనుప రజను క్రాంక్ బేరింగ్‌లకు చేరే దారే లేదు. ఈ ఇంజన్ దీర్ఘాయుష్షుకు నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

బండిని ఓ పావుగంట నడిపి తెచ్చి సెంటర్ స్టాండ్ మీద నిలపండి. వేడి ఆయిల్ పల్చగా ఉండి, మడ్డిని వెంటబెట్టుకుని దిగుతుంది. కింద ట్రే పెట్టి సంపు డ్రెయిన్ బోల్ట్ విప్పండి. చెయ్యి కాలుతుంది, జాగ్రత్త. పూర్తిగా కారాక బోల్ట్‌కు కొత్త వాషర్ వేసి బిగించండి. సంపు అల్యూమినియం కాబట్టి బలం చూపిస్తే మర పోతుంది.

ఇక ఫిల్టర్. తొందరపడకూడని చోటు ఇదే. ఇంజన్ ముందు భాగంలో కుడివైపు మూడు బోల్టుల మూత ఉంటుంది. దాని వెనక, లోహపు గొట్టం లోపల ఫిల్టర్ కూర్చుంటుంది. ఆ గొట్టం అంచుకూ మూతకూ మధ్య లావుపాటి తెల్ల ఓ-రింగ్ ఉంటుంది. పంపు నుంచి ఒత్తిడితో వచ్చిన ఆయిల్ ఫిల్టర్ గుండా బేరింగ్‌లకు పోవాలంటే ఆ రింగ్ గట్టిగా నొక్కుకుని ఉండాలి. సరిగా నొక్కుకోకపోతే ఆయిల్ పక్కసందులోంచి తిరిగి సంపులోకే జారిపోతుంది, బేరింగ్‌లు ఎండుతాయి. అమెరికాలో దీన్ని "రెండువేల డాలర్ల ఓ-రింగ్" అంటారు. అది పాడైతే ఇంజన్ బాగుచేయడానికి అయ్యే ఖర్చన్నమాట! గొట్టం అంచు ఎంత లోతులో ఉందో వెర్నియర్‌తో కొలవండి. లోతు ఎక్కువైతే పల్చని లోహపు షిమ్ వేయాలి. పాత రింగ్‌ను తిరిగి వాడొద్దు. ఆయిల్ కూలర్ ఉన్న మోడళ్ళకు మూత అమరిక వేరు, ఈ కొలత వాటికి పనికిరాదు.

1969కి ముందు వచ్చిన బాక్సర్లకు ఈ బాధ లేదు, ఎందుకంటే అసలు ఫిల్టరే లేదు. ఆర్ 69 ఎస్ లాంటివాటిలో క్రాంక్‌తో పాటు తిరిగే పళ్ళేలు మురికిని అంచులకు విసిరి పట్టి ఉంచేవి. అవి నిండిపోతే బిగ్ ఎండ్ బేరింగ్‌కు ఆయిల్ ఆగిపోతుంది. వాటిని శుభ్రం చేయాలంటే క్రాంకే బయటకు రావాలి. ఆ తర్వాతి తరంలో రోలర్ బేరింగ్‌ల స్థానంలో షెల్ బేరింగ్‌లు వచ్చాయి. ఫిల్టరూ అప్పుడే వచ్చింది.

ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి. ఫిల్టర్ మార్చినప్పుడు సుమారు రెండుంపావు లీటర్లు పడుతుంది. ట్యాపెట్లు బల్లపరుపు రకం కాబట్టి జింక్ ఉన్న ఆయిల్ మంచిది. పొడి క్లచ్ కావడం వల్ల బైకుల ఆయిలే కావాలన్న నిబంధన లేదు. డిప్‌స్టిక్‌ను మరలో బిగించకుండా అంచు మీద ఆనించి చూడాలి. పై గీత దాకా నింపాలన్న ఆరాటం వద్దు, ఎక్కువైంది బ్రీదర్ గుండా బయటికొస్తుంది.

గేర్‌బాక్స్‌కు వచ్చేసరికి పై ప్లగ్ ముందు విప్పండి. అది రాకుండా కింది ఆయిల్ వదిలేస్తే మళ్ళీ నింపే దారి ఉండదు! డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటితే మామూలే, ముక్కలు కనిపిస్తే ఆగి ఆలోచించాలి. ఇందులోకి 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ ముప్పావు లీటరుకు కాస్త పైన పడుతుంది. అదే ఆయిల్ వెనక పెట్టెకు పావు లీటరు, షాఫ్ట్ గొట్టానికి 100 నుంచి 150 మిల్లీలీటర్లు చాలు.

ఇంజన్ స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషర్ లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపి తెల్ల రింగ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. ఆరినా పూర్తి ధీమా వద్దు, ఒత్తిడి బాగా పడిపోయేదాకా ఆ లైటు వెలగదు. కొలత తప్పలేదన్న నమ్మకమే అసలు భరోసా. ఒక రౌండ్ కొట్టి వచ్చి మూత చుట్టూ తడి ఉందేమో చూసి, బండి చల్లారాక డిప్‌స్టిక్ మరోసారి చూడండి.