ఎవరు ముందు తగ్గించాలి?

సూరత్‌లోని నవాగామ్‌లో రెండు అద్దకపు మిల్లులు ఉన్నాయనుకోండి. ఒక మిల్లు పొగ తగ్గిస్తే ఖర్చు దానికే. మంచి గాలి అందరికీ. అందుచేత "ముందు వాళ్ళు తగ్గించనీ" అని రెండూ ఊరుకుంటాయి. మసి మాత్రం అందరి ఇళ్ళమీదా పడుతుంది. క్రీడా సిద్ధాంతంలో దీనిని 'ఖైదీల సందిగ్ధం' అంటారు.

2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి సూరత్‌లో ఈ ఆట నియమాలను మార్చింది. మొత్తం ధూళికి హద్దు పెట్టింది, యంత్రాలతో కొలిచింది, తక్కువ వదిలిన మిల్లు తన మిగులు అనుమతులను అమ్ముకోవచ్చునంది. ఈ పద్ధతిలో చేరిన మిల్లుల ధూళి, చేరనివాటికంటే 20–30 శాతం తగ్గింది.

వాతావరణ చర్చలలో దేశాల చిక్కు కూడా ఇదే. కాని దేశాలపైన మండలి లేదు. 2015 పారిస్ ఒప్పందంలో లక్ష్యం ఎవరిది వారే నిర్ణయించుకుంటారు. తప్పినా జరిమానా లేదు.

ఆలోచించి రాయండి: జరిమానా లేనిచోట మాట నిలబెట్టేది ఏది?