44 ఎక్కువా, 39 ఎక్కువా?



ఏడో తరగతి సోషల్ క్లాసులో ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. "సార్, మా అమ్మమ్మ వాళ్లది రామగుండం. అక్కడ 44 వచ్చినా టీవీలో మామూలుగానే చదువుతారు. విశాఖలో 40 కూడా రాకముందే వడగాల్పులు అంటారు. విశాఖ వాళ్లకి అంత గారాబమా?" క్లాసంతా నవ్వింది. ప్రశ్న మాత్రం చాలా మంచిది. వేసవి సెలవులకు ఊళ్లు మారే ముందు ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఒకసారి ఆలోచించాల్సినది.

వార్తల్లో "సాధారణం కంటే రెండు డిగ్రీలు అధికం" అని వింటాం కదా, ఆ 'సాధారణం' దేశమంతటికీ ఒకటి కాదు. భారత వాతావరణ శాఖ ఒక్కో కేంద్రానికి 30 ఏళ్ల రికార్డు తీసుకుని, ఏడాదిలో ఆ సమయానికి అక్కడ సగటున ఎంత ఉంటుందో లెక్క కడుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 వరకు ఉన్న సగటు. పిల్లలు లెక్కల పుస్తకంలో అంకమధ్యమం అని చేసేది ఇదే. రామగుండానికి ఒక సాధారణం, హైదరాబాద్‌కి ఒకటి, విశాఖకి ఇంకొకటి.

ఇవి ఎందుకు వేరు? హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. రామగుండం గోదావరి లోయలో, అందులో సగం ఎత్తు కూడా లేని చోట ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే మే నెలలో హైదరాబాద్ 39 దగ్గర తిరుగుతుంటే రామగుండం 42 దాటుతుంది. విశాఖ కథ వేరు. మధ్యాహ్నం సముద్రపు గాలి ఒడ్డుకు రాగానే పాదరసం 35 దగ్గరే ఆగిపోతుంది. అయితే కొన్ని రోజులు పడమటి నుంచి పొడి గాలి బలంగా వీస్తుంది. అది సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. అలాంటి రోజున కోస్తాలో ఎండ ఒక్కసారిగా ఎగబాకుతుంది. రాయలసీమది మరో పద్ధతి. అనంతపురంలో ఏప్రిల్, మే దాదాపు ఒకే స్థాయిలో మండుతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట అన్ని జిల్లాలకూ ఒకేలా వర్తించదు.

ఇప్పుడు ఆ అబ్బాయి లెక్క చేద్దాం. రామగుండం సాధారణం ఆ రోజుకు 42 అనుకుందాం. నమోదైంది 44. తేడా 2. విశాఖ సాధారణం 35 అనుకుందాం. నమోదైంది 39.5. తేడా నాలుగున్నర. వడగాల్పులని చెప్పడానికి వాతావరణ శాఖ చూసేది మొదట ఈ తేడానే. మైదానంలో కనీసం 40, తీరంలో కనీసం 37, కొండ ప్రాంతంలో కనీసం 30 డిగ్రీలు ఉండాలి. దానిపైన సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాల్పు, 6.4 దాటితే తీవ్ర వడగాల్పు. ఒక్క ఊళ్లో ఒక్క రోజు వస్తే చాలదు. ఆ వాతావరణ విభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు ఉండాలి. మన రెండు రాష్ట్రాలూ కలిపి ఇలాంటి విభాగాలు మూడు: తెలంగాణ, కోస్తాంధ్ర, రాయలసీమ.

మరి రామగుండం 44 ఏమీ కాదా? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఒంటికి సగటుతో పనిలేదు, దానికి తగిలేది 44. అందుకే తేడా ఎంతైనా సరే, 45 తాకితే వడగాల్పు, 47 తాకితే తీవ్ర వడగాల్పు అని ఇంకో నియమం కూడా పెట్టారు. అలవాటు వేసవిలో సగం రక్షణ. మండే ఊళ్లో జనం పదకొండు గంటలకే తలుపులు వేసుకుంటారు, పనులు తెల్లవారుజామున ముగిస్తారు. చల్లని ఊరివాళ్లకు ఆ అలవాటు ఉండదు. కాబట్టి నమోదైన అంకె, తేడా రెండూ చూడాలి. 2015 మే నెలలో వడగాల్పులకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండకు కొత్తవాళ్లం కాదు కదా అని ధీమాగా ఉండే వీల్లేదు.

హైదరాబాద్ నుంచి విశాఖకు సెలవులకు వెళ్లే కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. "అక్కడ 36 మాత్రమే, పిల్లల్ని బీచ్‌లో ఆడుకోనివ్వచ్చు" అనుకుంటాం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తీరంలో గాలినిండా తేమ ఉంటుంది కాబట్టి అది ఆరదు. ఆ ఉక్కపోతలో మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడిన పిల్లవాడు హైదరాబాద్‌లో 39లో ఆడినవాడి కంటే ముందే సొమ్మసిల్లవచ్చు. గరిష్ఠంతో పాటు రాత్రి కనిష్ఠం కూడా చూడండి. రాత్రి చల్లబడకపోతే ఒంటికి తేరుకునే సమయం దొరకదు, మర్నాటి ఎండ రెట్టింపు బరువవుతుంది.

ఇంకొకటి. వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత నీడలోది. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్క పెట్టెలో కొలుస్తారు. సమ్మర్ క్యాంప్ గ్రౌండ్ మధ్యలో నిలబడ్డ పిల్లవాడికి తగిలే వేడి అంతకంటే చాలా ఎక్కువ. కోచింగ్ వాళ్లు "ఈరోజు 38 మాత్రమే" అంటే, ఉదయం ఎనిమిదిలోపు లేదా సాయంత్రం ఐదు తర్వాతే ప్రాక్టీస్ పెట్టమని అడగడానికి మొహమాటపడకండి.

మార్చి చివర వాతావరణ శాఖ ఏప్రిల్ నుంచి జూన్ వరకు అంచనా ఇస్తుంది. మ్యాప్‌లో మన ప్రాంతానికి ఎర్ర రంగు పడితే ప్రతిరోజూ మండుతుందని కాదు, మూడు నెలల సగటు ఎక్కువగా ఉండే అవకాశం ఉందని. పదిహేను రోజులు 44, పదిహేను రోజులు వానజల్లులతో 36 ఉన్నా సగటు 40 వస్తుంది. రోజూ 40 ఉన్నా అంతే వస్తుంది. రెండు వేసవులూ ఒకటేనా అని మీ పిల్లల్ని అడిగి చూడండి, వాదన బాగా నడుస్తుంది. పెద్ద తరగతుల పిల్లలకైతే ఇంకో చిక్కు ప్రశ్న: ఈ 30 ఏళ్ల సగటును పదేళ్లకోసారి మారుస్తారు. ఎండలు పెరుగుతూ పోతే 'సాధారణం' కూడా పెరుగుతుంది కదా, అప్పుడు ఈనాటి తేడా రెండు, మన తాతల నాటి తేడా రెండు ఒకటేనా?

ఈ సెలవుల్లో ఒక చిన్న పని ఇస్తున్నాం. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి, మే నెలంతా మన ఊరికి, అమ్మమ్మగారి ఊరికి గరిష్ఠం, కనిష్ఠం, సాధారణంతో తేడా రాయించండి. వాతావరణ శాఖ వెబ్‌సైట్లో మూడూ దొరుకుతాయి. స్కూళ్లు తెరిచిన మొదటి వారంలో ఆ నోట్‌బుక్ పంపితే, రామగుండం అబ్బాయి పుస్తకం పక్కన పెట్టి క్లాసులో గ్రాఫ్ గీయిస్తాను.

మీ పిల్లల సోషల్ టీచర్