పువ్వుకీ, పల్లికీ ఒకే వైరస్

పిల్లలూ! బతుకమ్మకు బంతిపూలు కోసేటప్పుడు, ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడి చిగురు ఎండిన మొక్కను చూశారా? అది టొబాకో స్ట్రీక్ వైరస్ పని కావచ్చు. బంతికీ, పొద్దుతిరుగుడుకీ సోకే ఈ వైరసే 2000లో అనంతపురం జిల్లాలో లక్షల ఎకరాల వేరుశనగకు తెగులు తెచ్చింది.

రెండు పైర్లలోనిదీ ఒకే వైరస్ అని ఎలా తెలిసింది? దీని జన్యుపదార్థం మూడు ఆర్.ఎన్.ఎ. ముక్కలు. మొత్తం సుమారు 8,600 అక్షరాలే. మనిషికైతే 300 కోట్లు! ఆర్.ఎన్.ఎ.కు డి.ఎన్.ఎ. నకలు తీసి, ఆ అక్షరాల వరుస చదువుతారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వైరస్ పైతొడుగు జన్యువును అలా చదివితే, పొద్దుతిరుగుడులోనిదీ వేరుశనగలోనిదీ దాదాపు అక్షరం పొల్లు పోలేదు.

మరి ఇది చేలోకి ఎలా వస్తుంది? మా ఇబ్రహీంపట్నంలో బాటల పక్కన గుబురుగా పెరిగే వయ్యారిభామ ఉంది చూడండి, అది తాను జబ్బుపడినట్టు కనిపించకుండానే పుప్పొడిలో వైరస్‌ను మోస్తుంది. ఆ పుప్పొడి పడిన ఆకును తామర పురుగు గీరగానే వైరస్ లోపలికి పోతుంది. అందుకే పూత రాకముందే దాన్ని పీకెయ్యాలి. చేతులకు గుడ్డ చుట్టుకోండి, దురద పెడుతుంది.