బొమ్మ సైనికుడి నడుములో రబ్బరు రింగు

బొమ్మలు పోగుచేయటం కూడా ఒక చదువేనా అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. బెంజీను వలయం గురించి ఈ సంచికలో ఎవరో ఒకరు రాయక మానరు. నేను మరో వలయం గురించి రాస్తాను. అది మూడుముప్పావు అంగుళాల సైనికుడి కడుపులో ఉంటుంది.

ఆ సైనికుడి పేరు జి.ఐ. జో. పుట్టింది అమెరికాలో, 1964లో. హాస్‌బ్రో కంపెనీవారు మొదట చేసినది దాదాపు పన్నెండంగుళాల బొమ్మ. మోచేతులు, మోకాళ్ళు వంగుతాయి. చెంపమీద గాటు. కుడి బొటనవేలి గోరు పొరపాటున లోపలివైపుకు వచ్చింది, ఆ తప్పునే నకళ్ళను పట్టుకునే గుర్తుగా వాడుకున్నారు! మగపిల్లలు ‘డాల్’తో ఆడుకోవటం నామోషీ అనుకుంటారని ‘యాక్షన్ ఫిగర్’ అని కొత్త పేరు పెట్టారు. మనకా చిక్కు లేదు, ఏదైనా బొమ్మే.

అసలు లాభం బొమ్మలో లేదు, దాని సామానులో ఉంది. ఒక్కసారి కొన్న బొమ్మకు మళ్ళీ మళ్ళీ బట్టలు కొనిపించవచ్చని 1959లోనే బార్బీ చూపించింది. జోకి బట్టలతోపాటు తుపాకులు, బూట్లు, హెల్మెట్లు, గుడారాలు, జీపు. ట్రాక్టరు కొన్నాక గొర్రు, రోటవేటరు, ట్రక్కు విడిగా కొనుక్కోవటం మా నాన్నకు తెలిసిన సంగతే. 1982లో చిన్న సైజు బొమ్మలు వచ్చాయి. వాటికోసం 1985లో చేసిన ‘యు.ఎస్.ఎస్. ఫ్లాగ్’ అనే విమానవాహక నౌక ఏడున్నర అడుగులు. మా హాస్టలు మంచం కూడా అంత పొడుగుండదు.

ఈనాడు సేకరించేవాళ్ళు బొమ్మకన్నా ఈ సామాను కోసమే ఎక్కువ తంటాలు పడతారు. ఎందుకంటే అగ్గిపుల్లంత తుపాకీ ఏనాడో చీపురుకు పోయి ఉంటుంది. విప్పని అట్టమీద ఉన్న బొమ్మకు ధర వేరే. 1964 బొమ్మకు మూలమైన తొలి నమూనా 2003లో రెండు లక్షల డాలర్లు పలికింది.

మనదేశంలో 1987లో మొదలైన ఫన్‌స్కూల్ కంపెనీ ఈ సైనికుల్ని తయారుచేసి అమ్మింది. కొన్నింటికి రంగులు మార్చేసింది. ఆ మార్పువల్లే విదేశాల సేకర్తలు వాటికోసం వెతుకుతారు. అటువంటిది ఒకటి మా మావయ్య చిన్నప్పుడు కొనిపించుకుని, పెద్దయ్యాక ట్రంకుపెట్టెలో దాచాడు. పెట్టె రేకుల కింద అటకమీద ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు దొంగతనంగా దాన్ని తీసి నడుం తిప్పాను. టప్పున రెండు ముక్కలైంది. కాళ్ళొకచోట, మొండెమొకచోట. మావయ్య అడిగితే నేను మాట్లాడలేదు. పక్కనున్న తమ్ముడికి రెండు దెబ్బలు పడ్డాయి.

పాలిమర్ల పాఠం విన్నరోజున ఆ బొమ్మ గుర్తుకొచ్చింది. సెలవులకు వెళ్ళి వీపున ఉన్న స్క్రూ విప్పి చూశాను. కాళ్ళను కలిపే ఇనుప కొక్కేన్ని మొండెంలోని గుంజకు పట్టి ఉంచేది ఒక్క రబ్బరు రింగు. అది ఎప్పుడూ సాగి ఉంటుంది. రబ్బరు అణువుల్లోని ద్విబంధాలమీద గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ పనిచేస్తాయి. ఓజోన్ సాగి ఉన్న రబ్బరుమీదే పగుళ్ళు తెస్తుంది, అదీ సాగిన దిశకు అడ్డంగా. వేడి ఆక్సీకరణను ఇంకా తొందర చేస్తుంది. మా అటకమీద మే నెలలో చెయ్యి పెట్టలేం. అంటే నేను ముట్టుకోకముందే ఆ రింగు చచ్చింది. అందుకే తెలిసినవాళ్ళు పాతబొమ్మను చేతిలోకి తీసుకోగానే ఆడించరు, ముందు స్క్రూ విప్పి రింగు మారుస్తారు. ఎండ తగలనివ్వరు, తెల్ల ప్లాస్టిక్కు పసుపెక్కుతుంది.

మిరపతోటకు మందుకొట్టే స్ప్రేయరు బాగుచేసే షాపులో రింగులు ఏరాను. మూడోది సరిపోయింది. సైనికుడు లేచి నిలబడ్డాడు. మావయ్యకు ఫోనుచేసి తిప్పింది నేనేనని చెప్పాను, రబ్బరు సంగతీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “అయితే చిన్నాడిని ఊరికే కొట్టానన్నమాట” అన్నాడు.

తమ్ముడు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఈసారి విరిగితే ఎవరిమీద పెడతావురా అన్నయ్యా?” అన్నాడు.