పాత జర్మన్ వాచీ - మన మే నెల ఎండ

వాచీ అనగానే మనవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని రాళ్ళు?" అని. మా మఠంపల్లిలో అల్లుడికి వాచీ పెట్టినా ఇదే ప్రశ్న. నిజానికి ఆ రాళ్ళు ఇరుసులు అరగకుండా కాపాడే కృత్రిమ కెంపులు మాత్రమే. టైము నిర్ణయించేది అవి కావు.

ఉదాహరణకు మా ఇంట్లోని పాత యుంగ్‌హాన్స్ వాచీనే తీసుకుంటాను. ఎర్హార్డ్ యుంగ్‌హాన్స్ 1861లో జర్మనీలోని ష్రాంబెర్గ్‌లో మొదలుపెట్టిన కంపెనీ అది. వెనక మూత తీస్తే బారెల్ అనే డబ్బీ, అందులో చుట్టుకున్న మెయిన్ స్ప్రింగు. కీ ఇస్తే బిగుసుకుని, విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. చివరి ఎస్కేప్ చక్రానికి 15 పళ్ళు. లంగరులాంటి ఫోర్కు ఒక్కొక్క పన్నునూ ఆపి వదులుతుంది. పన్నుకు రెండు టిక్కులు, చుట్టుకు 30. ఆ కాలపు వాచీలు చాలావరకు గంటకు 18,000 టిక్కులు కొట్టేవి, అంటే సెకనుకు 5. కనుక ఎస్కేప్ చక్రం నిమిషానికి 10 చుట్లు తిరగాలి, సెకన్ల ముల్లు చక్రం ఒక్క చుట్టే. పళ్ళ నిష్పత్తి ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు.

మరి ఆ 5 అని శాసించేదెవరు? ఇటూ అటూ ఊగే బ్యాలెన్స్ చక్రం, దాన్ని వెనక్కి లాగే హెయిర్ స్ప్రింగు. 1675లో హైగెన్స్ అమర్చిన ఏర్పాటిది. లోలకానికి భూమ్యాకర్షణ ఎలాగో దీనికి ఈ తీగ అలాగు. గొడవంతా ఇక్కడే ఉంది. వేడెక్కితే ఉక్కు తీగ బిగువు తగ్గి, చక్రం బద్ధకంగా ఊగుతుంది. ఉక్కు తీగ, ఇత్తడి చక్రం ఉన్న వాచీ ఒక్క డిగ్రీ సెల్సియస్‌కు రోజుకు సుమారు 11 సెకన్లు వెనకబడుతుంది. జనవరిలో 20 డిగ్రీల దగ్గర సరిచేసి, మే నెలలో 40 దగ్గర బల్లమీద వదిలేస్తే రోజుకు 220 సెకన్లు! ఐదు రోజులు ముట్టుకోకపోతే 18 నిమిషాలు దాటుతుంది. కోదాడ బస్సు వెళ్ళిపోయినట్టే.

ఖరీదైన వాచీల్లో రెండు లోహాలతో కోత చక్రం చేసి దీన్ని సర్దేవారు. అసలు విరుగుడు మాత్రం తీగలోనే దొరికింది. నికెల్ ఉక్కుల వింత గుణాలు కనిపెట్టిన గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వేడికి బిగువు దాదాపు మారని ఎలిన్వార్ ఆయనదే. తర్వాత 1933లో ష్ట్రౌమన్ 'నివారాక్స్' వచ్చింది. మారదు, తుప్పుపట్టదు అనే అర్థమిచ్చే జర్మన్ మాటల ముక్కలతో కట్టిన పేరది.

పాత వాచీ కొనేవారు మూత తీయించి ఆ తీగ చూడండి. నీలంగా మెరిస్తే సాధారణంగా ఉక్కు, తెల్లగా ఉంటే నికెల్ మిశ్రమం. ఆపైన నిండా కీ ఇచ్చి, డయల్ పైకుండేలా ఒకరోజు చల్లటి గదిలో, ఒకరోజు రేకుల కింద ఉంచి, రెండు రోజుల తేడా ఫోనులోని టైముతో సరిచూసుకోండి.