గిటారు శ్రుతి – స్వల్ప వ్యయముతో చికిత్స

తెలుగు అధ్యాపకునకు విద్యుత్ గిటారుతో ఏమి పని యని విద్యార్థులు నవ్వవచ్చును. గత వార్షికోత్సవమునకు ముందు మన విద్యార్థి ఒకడు తన గిటారును అమ్మివేయుటకు నిశ్చయించెను. దాని పిడిని ఒక్కసారి నొక్కినచో తీగలన్నియు శ్రుతి తప్పుచుండెను. అంతకంటె మేలైన వాద్యమును కొనియిచ్చుటకు అతని తండ్రికి శక్తి లేదు. ఆ వాద్యమును మేమిరువురము విప్పి చూచినప్పుడు నేర్చుకొన్న విషయములనే ఈ వ్యాసమున వివరింతును.

ఆ గిటారు స్ట్రాటోకాస్టర్ నమూనాకు చెందినది. ఈ నమూనాను అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లియో ఫెండర్ సంస్థ 1954లో విడుదల చేసెను. దానిలోని స్వరకంపన యంత్రమునకు 1956లో పేటెంటు లభించెను. ఫెండర్ దీనిని 'ట్రెమొలో' యని పిలిచెను. సంగీత పరిభాషలో ధ్వని తీవ్రత పెరిగి తరుగుట ట్రెమొలో. స్వరస్థాయి పైకి క్రిందికి ఊగుట వైబ్రాటో. కనుక ఆ పేరు సరియైనది కాదు. వైణికుడు తీగను లాగి గమకము పలికించును. ఇచట పిడితో ఆరు తీగలను ఒకేసారి సడలింపవచ్చును, బిగింపవచ్చును.

ఈ యంత్రము త్రాసు వంటిది. ఒక వైపున ఆరు తీగలు లాగుచుండును. మొదటి తీగ 0.009 అంగుళముల మందముగల సన్నని తీగల జత లాగుడు సుమారు 38 కిలోల బరువునకు సమానము. రెండవ వైపున, గిటారు వెనుక గుంటలో, మూడు మొదలు ఐదు వరకు స్ప్రింగులు లాగుచుండును. పిడిని విడిచిన వెంటనే త్రాసు ముల్లు తన చోటికి తిరిగి రావలెను. రాకున్నచో ఎక్కడనో ఒరిపిడి కలదని గ్రహింపవలెను.

మొదట పరీక్షింపవలసినది 'నట్'. అనగా మెడ చివర తీగలు ఆనుకొను గాడుల పట్టీ. బిరడా త్రిప్పునపుడు 'టిక్కు'మని శబ్దము వచ్చినచో తీగ గాడిలో పట్టుకొనుచున్నదని అర్థము. గాడిలో పెన్సిలు ముల్లు పొడిని రుద్దిన చాలవరకు గుణము కనిపించును. అప్పటికిని కుదరనిచో ప్లాస్టిక్ పట్టీని తీసి ఎముక పట్టీని అమర్చవలెను.

రెండవది, బ్రిడ్జి పలకను నిలుపు ఆరు మరలు. వీనిని గట్టిగా బిగించినచో పలక ఊగజాలదు. తీగలను సడలించి, మరల తలలకును పలకకును నడుమ కాగితము పట్టునంత సందు ఉంచవలెను. అరిగిన మరలను మార్చవలెను.

మూడవది, స్ప్రింగులు. సాగిపోయినవానిని తీసి ఒకే బలముగల క్రొత్తవానిని వేయవలెను. అవి తగిలించియున్న కొక్కెపు పట్టీకి గల రెండు మరలను కొద్ది కొద్దిగా త్రిప్పి సమతూకము తేవలెను. పిడి వదులుగా ఊగుచున్నచో దాని మరచుట్లపై కుళాయి పనివారు వాడు తెల్లని టేపును ఒకటి రెండు చుట్లు చుట్టిన చాలును.

తీగలు దూరి వచ్చు లోహపు దిమ్మె చివరిది. చౌక గిటార్లలో ఇది తరచుగా పలుచని జింకు మిశ్రలోహముతో పోతపోసినది. ఉక్కు దిమ్మెతో నాదము మరింత సేపు నిలుచునని పలువురు వాదకుల అభిప్రాయము. అయితే శ్రుతి తప్పుటకు అది మందు కాదు. కొనదలచినవారు ముందుగా ఆరు మరల నడిమి దూరమును కొలుచుకొనవలెను. అన్ని గిటార్లకు అది ఒకే తీరుగా ఉండదు.

ఈ మార్పులను ఒకేసారి చేయరాదు. ఒకటి చేసి, శ్రుతి చేసి, పిడిని పదిసార్లు నొక్కి విడిచి చూడవలెను. అప్పుడే ఏ మార్పు ఏ ఫలము నిచ్చినదో తెలియును.

మా విద్యార్థి గిటారులో దోషములు రెండే: ఇరుకైన ప్లాస్టిక్ గాడులు, అతిగా బిగించిన మరలు. ఎముక పట్టీకి, మూడు స్ప్రింగులకు అయిన వ్యయము అతని నెల బస్సు చార్జీలకంటె తక్కువ. వార్షికోత్సవమున అతడు ఆ గిటారునే వాయించెను. పాట నడుమ ఒక్కసారియైనను బిరడాలపై చేయి వేయలేదు.