"తెలుగు లెస్స" ఎవరి మాట?

మన సభల్లో "తెలుగు లెస్స" అనగానే వక్తలు శ్రీకృష్ణదేవరాయలవారిని తలుచుకుంటారు. ఆముక్తమాల్యదలో ఆ మాట ఉన్నది నిజమే. కాని అక్కడ పలికింది రాయలు కాదు. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆయనకు కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు.

అంతకు ముందే, 15వ శతాబ్దపు క్రీడాభిరామంలో ఇదే మాట ఉంది. సంస్కృతం తల్లి అయినా, కూతురి సౌభాగ్యమే మెచ్చదగిందని అక్కడి పోలిక. నాకైతే దేవుడి ఆజ్ఞ కంటే ఈ ఇంటి పోలికే నచ్చుతుంది. ఆ కావ్యకర్తగా పేరున్నవాడు వినుకొండ వల్లభరాయుడు. కాదు, శ్రీనాథుడే రాశాడని వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వాదం. అదే నెగ్గినా మాట వయసేమీ తగ్గదు!

వినుకొండ 2022 నుంచి మన పల్నాడు జిల్లాలోనే ఉంది. ఈసారి వక్తృత్వపు పోటీలో ఎవరైనా వల్లభరాయుడి పేరెత్తితే, ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతాను.